పిడి గోడవైపు

అందరి కప్పులూ కడిగాక, చివర్లో తన కప్పు కడుగుతుందామె. మిగతావన్నీ తెల్లటి పింగాణీ సెట్టు. ఒకదాన్ని చూస్తే అన్నీ చూసినట్టే. తనది మాత్రం తడి ఇటుక రంగులో, నడుం దగ్గర కాస్త ఉబ్బి, ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. పిడి కింద తన బొటనవేలి నొక్కు అలాగే ఉండిపోయింది. కడిగేటప్పుడు వేలు తనంతట తనే వెళ్ళి అందులో కూర్చుంటుంది.

నీళ్ళు జారడానికని వంటగట్టుని కాస్త ముందుకి వాలుగా కట్టారు. దాని మీద ఆ కప్పు ఎలా పెడితే అలా నిలవదు. పిడి గోడవైపు తిప్పి పెడితేనే గట్టు వాలూ కప్పు వంకరా ఒకదానికొకటి సరిపోయి బుద్ధిగా నిలబడుతుంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ గట్టు దగ్గర నిలబడేది తనొక్కతే కదా, ఎవరికి చెప్పాలి?

వీధి చివర షెడ్డులో ఒకావిడ మట్టిపని నేర్పుతుంది. వారమంతా ఆఫీసులో ఒకరి కాగితాలు, ఇంట్లో ఒకరి కంచాలు. ఆదివారం మధ్యాహ్నం ఆ షెడ్డులో కూర్చున్న కాసేపే చేతులు తనవి. ఆ రోజు పిడి అతికిస్తుండగా ఫోను మోగింది. "అమ్మాయ్, టీ వేళ దాటిపోతోంది" అన్నారు అత్తగారు. అంతే. ఆ కంగారులో పచ్చి కప్పుని పలక మీద గట్టిగా దించేసరికి పిడివైపు అడుగు నలిగిపోయింది.

"సరిచెయ్యాలంటే ఇంకో పూట కూర్చోవాలమ్మా" అంది మట్టిపని ఆవిడ.

"ఇంకో పూట నాకెవరిస్తారండీ? అలాగే కాల్చెయ్యండి."

ఇంటికి తెచ్చాక భర్త అటూ ఇటూ తిప్పి చూశాడు. "షాపులో ఇలాంటిదిస్తే వాడి మొహాన కొట్టి వచ్చేవాణ్ణి." ఆడపడుచు ఇంకాస్త ముద్దుగా అడిగింది. "వదినా, ఇది తాగడానికా, పెన్నులు పెట్టుకోడానికా?" ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు. నిన్న మాత్రం అతను నవ్వకుండానే అన్నాడు. "ఇక చాల్లే ఆ మట్టి పిసుకుడు. ఆదివారమైనా ఇల్లు పట్టించుకో." సరే అంది.

ఈ రోజు ఆదివారం. భోజనాలయ్యాక అంట్లు అలాగే వదిలేసి, బట్టలు ఆరేసి వచ్చింది. చూస్తే సింకు ఖాళీ. తెల్ల కప్పులు వరసగా బోర్లించి ఉన్నాయి. చివర తన కప్పు మాత్రం బోర్లించకుండా, పిడి గోడవైపు.

అది అనుకోకుండా జరిగేది కాదు. ఎవరో తన చేతుల్ని రోజూ చూస్తున్నారు. సమంగా ఉన్న కప్పైతే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

గుమ్మం దగ్గర అత్తగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నారు. "నేను పిలిచిన రోజే కదూ అది వంకరపోయింది?"

"మీవల్ల కాదులెండి అత్తయ్యా. నా కంగారు."

"ఆ కంగారు నాకు కొత్తా? నా పెట్టె తీసి చూడు. కుట్టిన ఒక్క పువ్వుకీ చివరి రేకుండదు. ఎప్పుడూ ఎవరో ఒకరు పిలిచేవాళ్ళు."

ఇంతలో హాల్లోంచి భర్త గొంతు. "టీ ఏమైంది?"

"నువ్వు నీ మట్టిపనికెళ్ళు. వాడికి టీ పెట్టుకోవడం నేను నేర్పుతా. ఎప్పుడో నేర్పాల్సింది, నాదే ఆలస్యం" అన్నారావిడ. "నాకూ ఒక కప్పు చెయ్యి. ఈసారి నేను పిలిచినా లేవకు."

సబ్బునీళ్ళకి ముడతలు పడ్డ ఆ చేతిని ఆమె ఒక్క క్షణం పట్టుకుంది. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఫోను తీసి, కప్పు పక్కన గట్టు మీద పెట్టి వెళ్ళింది.