మూడోసారి కడిగాక

అక్కను ఇంటికి తీసుకురమ్మని అమ్మ నన్ను పంపింది. "అడిగితే రాదది. చెయ్యి పట్టుకుని లాక్కురా" అంది. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. అందుకే ప్రయోగశాలలో ఓ మూల స్టూలు మీద కూర్చుని అక్క చేతులనే చూస్తున్నాను.

అక్క చేతిలో చిన్న గాజు గొట్టం, అందులో పాలలాంటి నీళ్లు. ఆ తెలుపంతా కంటికి ఆనని ప్లాస్టిక్ రేణువులదే. అవి ఒకదానికొకటి అంటుకోకుండా ఒక్కోదాని చుట్టూ పలచని పాలిమర్ పొర ఉంటుంది. ఆ పొర కోసమే అక్క ఏడాదిగా ఇంటి మొహం చూడలేదు. అది రేణువును గట్టిగా పట్టుకుందో, ఊరికే ఆనుకుని ఉందో ఇప్పుడు తేలాలి. గొట్టాన్ని యంత్రంలో గిర్రున తిప్పితే రేణువులు అడుగుకు దిగుతాయి. పైనీళ్లు పారబోసి, కొత్తనీళ్లు పోసి కలిపితే ఒకసారి కడిగినట్టు. ఆ తర్వాత వాటి సైజు కొలవాలి; పొర నిలిచి ఉంటే ఆ మేరకు రేణువు లావుగా కనిపిస్తుంది.

"ఈ కొలిచే పెట్టెని మేం అత్తగారంటాం" అంది అక్క ఆవలిస్తూ. "ఏం తెచ్చిపెట్టినా వంకలే."

రెండుసార్లు కడిగాక కూడా అత్తగారు వంక పెట్టలేదు. పొర ఉంది. అక్క పరిశోధనను చూసుకునే మేడం వచ్చి తెర చూశారు.

"ఇక చాలమ్మాయ్. ఇంటికెళ్లి నాలుగు రోజులు పడుకో. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

నా ప్రాణం లేచివచ్చింది. అక్క ఉండే గదిలో మా ఇద్దరి బట్టలూ సంచిలో పొద్దున్నే సర్దేశాం. అక్క మాత్రం లేవలేదు.

"మొదటిసారికన్నా కొంచెం పలచబడిందే."

"మేడం చాలన్నారుగా అక్కా."

"అన్నారు. ఇలా వదిలేసి వస్తే ఇంటి దగ్గర నాకు నిద్ర పడుతుందా? ఒక్కసారి, అంతే."

చెయ్యి పట్టుకుని లాగుదామనుకున్నాను. నా చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు.

మూడోసారి నీళ్లు పోసి ఎంత కలిపినా పాలు కాలేదు. విరిగిపోయినట్టు తెల్లటి పలుకులు గాజుకు అంటుకున్నాయి. పొర నీళ్లతోపాటు పోయింది. అత్తగారి దాకా వెళ్లే పనే లేదు.

అక్క ఏడవలేదు. గొట్టాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"మళ్లీ మొదటినుంచి" అంది. "మేడంకి నేను చెప్తాను. అమ్మకి నువ్వు చెప్పవే. నావల్ల కాదు."

గదికి వచ్చాక చెప్పులతోనే మంచం మీద వాలి నిద్రపోయింది. నేను ఆ చెప్పులు విప్పి, సంచిలోంచి తన బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ కొక్కేలకు తగిలించాను. నావి మాత్రం సంచిలోనే ఉంచాను.