కుడివైపు సీటు

"నీ వైపు బ్రేకు లేదే తల్లీ, ఊరికే తొక్కకు, కార్పెట్ చిరుగుతుంది" అనేవాడు నా మొగుడు వెనాన్సియో. దిగుడు వచ్చినప్పుడల్లా ఇదే జోకు. వెనక సీట్లో మా అత్త సబీనా నవ్వేది. నా ఇద్దరు కూతుళ్లూ నవ్వేవాళ్లు. నాన్న నవ్వితే నవ్వాలని ఆ ఇంట్లో పాలు మానకముందే నేర్పుతారు. నేనూ నవ్వేదాన్ని, అందరికంటే గట్టిగా.

మా బండి జపాన్‌లో పుట్టింది. అక్కడ స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, మాకు ఎడమవైపు ఉండాలి. మా ఊరు ఎల్ ఆల్తోలో సగం బళ్లకి చేసినట్టే దీనికీ డ్యాష్‌బోర్డు కోసి, స్టీరింగ్ పీకి, ఎడమవైపు తగిలించారు. కుడివైపు మిగిలిన బొక్కకి చెక్క కొట్టి కార్పెట్ పరిచారు. ఆ చెక్క ముందు కూర్చునేదాన్ని నేను. నడిపేవాళ్ల సీట్లో కూర్చుని, నడపకుండా, ఒళ్లో అందరి అన్నం మూట పెట్టుకుని. చెక్క సందుల్లోంచి చల్లగాలి నా చీలమండల మీద కొడుతూ ఉండేది. ఊపిరిలాగా, ఆగి ఆగి.

తాళం తిప్పితే చాలు, బండి జపాన్ భాషలో ఏదో చెప్పేది. ఆడగొంతు. నా మోకాళ్ల ముందునుంచే వచ్చేది. "ఆడది కదా, అడక్కుండానే మాట్లాడుద్ది" అని వెనాన్సియో అంటే మళ్లీ అందరూ నవ్వేవాళ్లు.

ఆదివారం తప్ప మిగతా రోజుల్లో అది కిందనున్న లాపాస్ పట్నానికి దిగే టాక్సీ. నడిపేది ఆయన. నేను యూనిఫాంలు కుట్టే షాపులో పొద్దంతా కుట్టి, ఇంటికొచ్చి వంట చేసి, ఆ టాక్సీ కడిగేదాన్ని. తాగుబోతులు కక్కింది కడిగింది నేను. రిపేరు రోజున లైటు పట్టుకుంది నేను. "పన్నెండు నెంబరు పానా." "గుడ్డ." "టీ." ఆ లైటు వెలుగులో బండి కడుపులో ప్రతి నట్టూ నాకు మొహం తెలిసిన మనిషే. కానీ ఒక్కదాన్నీ తిప్పనిచ్చేవాడు కాదు. ఇనుముకి ఆడచెయ్యి తగిలితే రోషం వస్తుందని మా అత్త అనేది. పనయ్యాక ఆ పానాలన్నీ కిరసనాయిలుతో కడిగి పెట్టేది నేనే. కడిగేటప్పుడు ఇనుముకి రోషం రాదు, చూడండి. తిప్పేటప్పుడే వస్తుంది.

నెలలో మొదటి శుక్రవారం బండికి మొక్కు. చక్రాల మీద బీరు, ఇంజను మీద సారాయి, స్టీరింగుకి రంగు కాగితాల దండ. నా వైపు ఒక్క చుక్క కూడా పొయ్యలేదు ఏనాడూ.

ఒక ఆదివారం దిగుడులో ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. వెనాన్సియో ఫోన్లో ఉన్నాడు. నేను చెక్కని తొక్కాను. బండి ఆగింది.

ఆయన తన కాళ్ల వంక చూసుకున్నాడు. రెండు కాళ్లూ పెడళ్లకి దూరంగా ఉన్నాయి. "బ్రేకు పట్టేస్తోంది" అన్నాడు, అంతే. నా పాదం కింద ఏదో మెత్తగా దిగి, మళ్లీ పైకొచ్చింది. నిద్రలో ఉన్న మనిషి పొట్టమీద కాలేసినట్టు ఉంది. ఆ తర్వాత బండెక్కినప్పుడల్లా పరీక్షగా, జోకుకి దొరక్కుండా కాలి బొటనవేలితో నెమ్మదిగా నొక్కేదాన్ని. బండి నెమ్మదించేది. పెద్దకూతురు ఒకసారి నా చెవిలో, "అమ్మా, నువ్వే ఆపుతున్నావు కదా" అంది. వాళ్ల నాన్నకి చెప్పొద్దన్నాను. భయమేసింది. తప్పు నాదే అంటారని భయం. చూశారా, దయ్యానికి కాదు, మాటకి భయపడ్డాను. అలా పెంచారు మమ్మల్ని.

ఈలోపు ఆయన పెడల్ లోతుకి పోవడం మొదలైంది. రెండుసార్లు తొక్కితేగాని పట్టేది కాదు. వచ్చే ఆదివారం యుంగాస్ లోయకి దిగాలి, అత్త చెల్లెలి మనవడికి బాప్తిస్మం. ఒకపక్క కొండ, ఒకపక్క ఏమీ లేని దారి. పిల్లలిద్దరూ బండిలో ఉంటారు. మెకానిక్‌కి చూపించమన్నాను. "నీకేం తెలుసే? లైటు పట్టుకున్నంత మాత్రాన మేస్త్రీ అయిపోతావా?" అన్నాడు. ఆయనకి పానాలున్నాయి, ప్లాస్టిక్ పెట్టెలో వెండిలా మెరిసే సెట్టు. ఒక్కో నట్టు విప్పేసరికి నట్టు మూలలన్నీ గుండ్రంగా అరిగిపోతాయి. పానా మెత్తన, నట్టు గట్టి. తప్పు మాత్రం లైటు సరిగ్గా పట్టనిదానిది.

గురువారం కుట్టుషాపు ఎగ్గొట్టి సంతకి పోయాను. రిపేరులో ఆయన బండిలోంచి ఊడదీసిన ఒక బోల్టు నా జేబులో ఉంది. పాత ఇనుము అమ్మే వరసలో కుచ్చుల లంగాలు చుట్టూ పరుచుకుని కూర్చున్న ఒక ముసలామె దగ్గర ఆగాను. మెరిసే పానాని ముందు పట్టుకున్నాను. ఆమె నా చేతిమీద కొట్టింది.

"మెరుపు చూసి మొగుణ్ణి తెచ్చుకున్నావు, చాల్లేదా కసేరా? దాన్ని రాయిమీద పడెయ్యి, చెవిపెట్టి విను."

బేరానికొచ్చిన ఆడవాళ్లని మా సంతలో కసేరా అనే పిలుస్తారు. పడేశాను. దబ్బుమంది. పక్కనున్న తుప్పుదాన్ని పడేస్తే గంటలా మోగింది. మంచి ఉక్కు మోగుతుందిట, పోతపోసింది మూలుగుతుందిట. తుప్పు గోటితో గీకితే పోతే ఫరవాలేదు, వంకర మాత్రం పోదు. నెంబరు ఉక్కులో గుద్ది ఉండాలి, రంగుతో రాసి ఉండకూడదు. పానా నోట్లో బోల్టు పెట్టి ఊపమంది. టకటకమంటే కింద పెట్టెయ్. నట్టు మీద తొడిగే సాకెట్టు లోపల పన్నెండు మూలలున్నది వద్దు, ఆరు మూలలది నట్టు బుగ్గలు పట్టుకుంటుంది, జారదు. సాకెట్టుని తిప్పే పళ్ల పిడి, రాచెట్టు, దాన్ని చెవిదగ్గర పెట్టుకుని మెల్లగా తిప్పు, ప్రతి పన్నూ పలకాలి, ఒక్కటి పలక్కపోతే అక్కడే జారి నీ కణుపులు పగులుతాయి. సెట్టు కొనకు, జపాన్ బండికి పది, పన్నెండు, పధ్నాలుగు చాలు. కొత్త సెట్టులో సగం ధరకి జీవితమంతా వచ్చే సరుకు తీసుకున్నాను, అదీ బేరమాడి.

నేను ఏరుకున్న రాచెట్టు పిడి ఒకవైపు అరిగి ఉంది. పట్టుకుంటే వేళ్లు వాటంతటవే గుంటల్లో కూర్చున్నాయి. చిన్న చెయ్యి పట్టి అరగదీసిన గుంటలు. ఎవరిదని అడిగాను. ముసలామె మూట కట్టుకుంటూ, ఎలాంటి చెయ్యో నువ్వే చూస్తున్నావుగా అంది.

శనివారం పొద్దున వెనాన్సియో డ్రైవర్ల సంఘం మీటింగుకి పోయాడు. ముందు పది నెంబరుతో బ్యాటరీ తీగ విప్పాను. తర్వాత చెక్క. అత్త వాకిట్లో బంగాళాదుంపలు ఒలుస్తూ, వద్దు పిల్లా, రోషం వస్తుంది అంటూనే ఉంది. కార్పెట్ ఎత్తాను.

అక్కడుంది బ్రేకు. అసలుది. పైన రబ్బరు ఊడిపోయిన ఇనుపకాలు. దాన్ని పీకకుండా, అక్కణ్ణుంచి ఒక కడ్డీ అడ్డంగా ఆయన వైపుకి నట్టుతో బిగించి, ఆ చివర ఇంకో పెడల్ అతికించారు. ఇన్నేళ్లూ ఆయన తొక్కింది నా బ్రేకునే, కడ్డీ అవతలినుంచి. ఆ కడ్డీ అతుకు దగ్గర చీలింది. ఆ చీలికలోంచి వాకిలి వెలుగు కనబడింది. ఎంత పట్టు మిగిలిందో చెప్పనా? వెంట్రుకంత.

పధ్నాలుగు నెంబరు పెట్టి తిప్పాను. నట్టు గుండ్రం కాలేదు. కిర్రుమని ఒకసారి అరిచి వదిలింది. కడ్డీ నా చేతిలోకి వచ్చింది. అప్పుడు ఆ ఇనుపకాలు తనంతట తనే మెల్లగా కిందికి దిగింది. కాసేపు అక్కడే ఆగి, ఎవరో కాలు తీసినట్టు పైకి లేచింది. నా మోకాళ్ల ముందు ఆ ఆడగొంతు మాట్లాడింది. బ్యాటరీ తీగ విప్పే ఉంది. ఈసారి మాట పొడుగ్గా ఉంది, తొందరేమీ లేదు. అర్థం కాలేదు. కానీ నాతోనే అని అర్థమైంది.

అత్త చేతిలో కత్తి ఆగిపోయింది. ఆమె కూడా విన్నది.

వెనాన్సియో వచ్చి చూసి ముందు అరిచాడు. చీలిక చూపించాను. అరుపు ఆగింది, కానీ పొగరు ఆగలేదు. సందు చివర వెల్డింగు వాడితో ఒక చుక్క పెట్టిస్తే రేపటికి చాలునట. కడ్డీ ఇలా తే అన్నాడు. ఇవ్వనన్నాను. చుక్కలకి నా పిల్లల్ని అప్పజెప్పనన్నాను. మేం బస్సులో పోతాం, కొత్త కడ్డీ సోమవారం నేను నిలబడి చేయిస్తాను, నేనే బిగిస్తాను అన్నాను. ఆయన వాళ్లమ్మ వైపు తిరిగాడు, ఎప్పుడూ తిరిగినట్టే.

మా మామ ఆ లోయ దారిలోనే పోయాడని నాకు తెలుసు. ఎలా పోయాడో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అత్త తొక్కలు ఒడిలోంచి దులుపుకుని లేచింది. కొడుకు మొహం చూడలేదు.

"మీ నాన్న లారీలో నేను పక్కనే ఉన్నానురా. నేనూ తొక్కాను. నా కాలి కింద ఏమీ లేదు."

ఆదివారం పొద్దున అత్త, నేను, పిల్లలు బస్సెక్కాం. ఆయన చేతికి చిక్కకుండా కడ్డీని దుప్పటి మూటలో, పసిబిడ్డని కట్టుకున్నట్టు వీపుకి కట్టుకున్నాను. దిగుడు మొదలైన దగ్గర్నుంచి, డ్రైవరు బ్రేకు వేసిన ప్రతి మలుపులోనూ అది నా వీపు మీద వేడెక్కింది.