జీన్సు పరదా

రాయదుర్గం బస్టాండు వెనక నెట్ సెంటర్ తెరిచినప్పుడు ఓబుళేసు పరదాల కోసం గంగాదేవి దగ్గరికే వచ్చాడు. చెక్కలు అడ్డం పెట్టి చిన్న చిన్న గదులు చేశాడు గానీ వాటికి తలుపుల్లేవు. గంగాదేవి తను పనిచేసే జీన్సు యూనిట్‌లో మిగిలిన ముక్కలన్నీ అతికి, రెండు పొరలు వేసి గట్టిగా కుట్టి ఇచ్చింది. "లోపల దీపం పెట్టినా బయటికి కనపడదు సూడప్పా" అని గొప్పగా చెప్పింది కూడా. ఏడాది తిరక్కముందే ఆ మాట తనకే గుచ్చుకుంటుందని ఆమెకేం తెలుసు?

ఒకరోజు యూనిట్‌లో అన్నాల వేళ పక్క మిషను హనుమక్క టిఫిన్ డబ్బా మూత తీస్తూ అంది.

"ఏం గంగా, మీ భారతికి కంప్యూటర్‌లో ఏమన్నా ఉద్యోగమిచ్చినారా? కాలేజీ ఇడిసినాక దినామూ పరదా ఎనకాలే ఉంటాదంట. ఒకతే కూసోని నగుతాంటాదంట."

"పరీక్ష పేపర్లు సూసుకుంటాందిలే అక్కా."

"పరీక్ష పేపర్లు సూసి నగే పిల్లను నేనింతవరకు సూల్లేదమ్మా. మీ తిప్పయ్యన్న చెవిలో పడిందనుకో, రేప్పొద్దున నా పక్క మిషను మీద కూసోబెడతాడు."

హనుమక్క నవ్వుతూనే అంది గానీ అందులో అబద్ధం లేదు. భారతి పదో తరగతి కాగానే "ఇంక సాలు, మిషను నేర్పించు" అన్న మనిషి ఆ పిల్ల నాయన తిప్పయ్య. అన్నం మానేసి మరీ గంగాదేవి కూతుర్ని ఇంటర్‌లో చేర్పించింది. జీన్సు గుడ్డ రంగు దిగి తన వేళ్లు ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. కూతురి వేళ్లు అట్లా కాకూడదని ఆమె పట్టుదల.

సాయంత్రం తలనొప్పని చెప్పి ముందే బయటపడింది. నెట్ సెంటర్ గడప దగ్గర చెప్పులు విడిచింది. అక్కడే భారతి చెప్పులు కనపడ్డాయి, తెగిన పట్టీకి తను వేసిన నీలం దారం కుట్టుతో సహా. లోపలికి పోయాక ఏ పరదా వెనక ఉందో నవ్వును బట్టి తెలిసింది.

పరదా లాగడానికి చెయ్యెత్తి ఆగిపోయింది. ఇక్కడ అరిస్తే పొద్దుగూకేలోగా ఊరంతా పాకుతుంది. అదీగాక, అరిచి ఇంటికి తీసుకుపోతే ఈ పిల్ల ఇంకో సెంటరుకు పోతుంది. అక్కడా పరదాలుంటాయి.

"భారతీ, నేనే" అంది మెల్లగా.

లోపల కుర్చీ కిర్రుమంది. పరదా తొలగించేసరికి తెర మీద ఖాళీ నీలిరంగు తప్ప ఏమీ లేదు.

"ఏంటికొచ్చినావు మా? నేను ఫిజిక్స్ సూస్తాండా."

"సూడు. నేనూ సూస్తా." గంగాదేవి స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది. "ఇందాక ఏందో సూసి నగినావే, అది తెరువు."

"నీకర్థం కాదు మా. ఇంగ్లీషు."

"నువ్వు చదువు, నేను ఇంటా. హనుమక్కకు అప్పుడే తెలిసిపోయింది. మీ నాయనకు ఇంకొకరు చెప్పకముందు నాకు తెలియల్ల. నీ కాలేజీ నిలబెట్టల్లంటే నా చేతిలో నిజముండల్ల కదా."

భారతి తల ఎత్తకుండానే ఒక బొమ్మ మీద నొక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వరసగా వచ్చాయి. అవతలివాడి పేరు కార్తికేయ, బళ్లారిలో ఇంజనీరింగట. వాళ్ల లెక్చరర్ బోర్డు మీద రాస్తూ రాస్తూ నిద్రపోతాడని రాశాడు. భారతి చదువుతుంటే గంగాదేవికీ నవ్వొచ్చింది. అమ్మ నవ్విందని భారతి గొంతు తేలికపడి ఇంకా చదివింది, ఇంకా కిందికి దిగింది.

ఒకచోట ఆగిపోయింది.

"ఏం, అయిపోయిందా?"

"ఊఁ."

"ఇంకా అక్షరాలుండాయే."

"అదేం లేదు మా."

"ఏం లేకుంటే గొంతెందుకు ఎండుకపాయా?"

పక్క గదిలో ఎవరో కీబోర్డు టకటకలాడిస్తున్నారు. భారతి చెవులు ఎర్రబడ్డాయి. చివరికి వినీ వినపడనట్టు చదివింది.

"ఆదివారం బళ్లారికి ఒక్కదానివే రా. మీ అమ్మకు చెప్పొద్దు. కంప్యూటర్ క్లాసుందని చెప్పు."

బళ్లారిలో క్లాసుందని నిన్న రాత్రి భారతి చెప్పిన మాట అదే. చిత్రాన్నం కట్టిస్తాలే అని తను ఒప్పుకుంది కూడా.

"పోదామనుకున్న్యావా?"

"అనుకున్న్యా."

చెయ్యి లేవబోయింది. దాన్ని ఒళ్లోనే పట్టుకుంది. పిల్ల అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు కొడితే, మళ్లీ ఈ నోటి నుంచి నిజం రాదు.

"ఆ పిల్లోడు మంచోడే కావచ్చు పాపా. నాకు తెల్దు. నీకూ తెల్దు. ఇందాకంతా గట్టిగా చదివినావు. ఇది మాత్రం నా ముందర చదవలేకపోతివి. ఎందుకో నువ్వే ఆలోచించుకో."

భారతి కళ్లు తుడుచుకుంది. అమ్మ చెప్పకుండానే ఏదో కొట్టి, తనే చదివి వినిపించింది.

"మా అమ్మ నా పక్కనే కూర్చుండాది. ఆదివారం ఇద్దరమూ వస్తాం. మీ అమ్మను కూడా పిల్చుకరా."

ఇద్దరూ తెర వైపే చూస్తూ కూర్చున్నారు. కార్తికేయ పేరు పక్కన పసుప్పచ్చని బొమ్మ ఒకటి నవ్వుతూ ఉంది. కాసేపటికి అది బూడిదరంగుకు మారింది.

"జవాబు గూడా ఇయ్యకుండా పాయా" అంది భారతి.

గంగాదేవి లేచి పరదాను కడ్డీ మీదికి విసిరేసింది. కౌంటర్ దగ్గర్నుంచి ఓబుళేసు అరిచాడు.

"ఏందక్కా అది! నువ్వు కుట్టిందే కదా!"

"నేనే కుట్టినా. నేనే ఎత్తినా. మా పాప కూసున్నప్పుడు అట్లే ఉండనీ."

ఇంట్లో తిప్పయ్య మంచం మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

"పాప నెట్టుకు పోతాందంట?"

"పోతాంది. నేనూ పోయినా."

"నువ్వా? నువ్వేం చేసినావు ఆడ?"

"కూసున్న్యా. పాప చదివింది, నేను ఇన్న్యా. రేపు గూడా పోతాం."

తిప్పయ్య పొగ వదులుతూ పెళ్లాం మొహం చూశాడు. వంటింట్లో సంగటి గెలికే కట్టె చప్పుడు ఆగింది.

"రేపొద్దు మా" అంది భారతి లోపల్నుంచి. "రేపు ల్యాబుండాది. శనివారం పోదాం."