మూడో బోల్టు

శిక్షణ కేంద్రంలో చేరిన రెండో రోజే ఆమెకు షెడ్డమ్మాయి అని పేరు పడిపోయింది. అందులో తప్పు ఆమెదే. వాయుసేనలో మెకానిక్కుగా ఎందుకు చేరాలనుకున్నారని అధికారి ఒక్కొక్కరినీ లేపి అడిగాడు. మిగతావాళ్లు దేశమనీ ఆకాశమనీ ఏవేవో చెప్పారు. ఈమె మాత్రం లేచి నిలబడి, "మా నాన్నకి స్కూటర్లు బాగుచేసే షెడ్డుంది సర్. చిన్నప్పట్నుంచీ అందులోనే పెరిగాను. నాకు వచ్చిన పని ఇదొక్కటే" అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వులో అందరికన్నా పెద్ద నవ్వు పక్క బెంచీ అమ్మాయిది. సాయంత్రం గదికి వెళ్లి చూస్తే ఆ అమ్మాయే పక్క మంచం మీద కూర్చుని పెట్టె సర్దుకుంటోంది.

"నవ్వానని ఏమీ అనుకోకు. నిజం చెప్పింది నువ్వొక్కదానివే. నేనైతే మా వదిన నోటికి తాళం వెయ్యడానికి వచ్చాను. అది చెప్పలేక దేశసేవ అన్నాను" అంది. ఆ మాట నుంచి దీపం ఆర్పేదాకా ఆమె నోరు ఆగలేదు. మూడో రోజుకల్లా ఆమె పేరు చిలక అయింది.

శిక్షణ షెడ్డమ్మాయి అనుకున్నట్టు లేదు. విమానం ముట్టుకోనిస్తారనుకుంది. మూడు వారాలపాటు ఒక ఇనప ముక్కా ఒక ఆకురాయీ చేతికిచ్చి, నాలుగు పక్కలా సమానంగా అరగదీయమన్నారు. ఉదయం కవాతు, ఆపైన క్లాసులు, మధ్యాహ్నమంతా అరగదీత. అరచేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, మళ్లీ లేచాయి. "దీనికన్నా మా వదిన నయం. ఆవిడ కనీసం తిరిగి మాట్లాడుతుంది" అనేది చిలక, ఇనప ముక్కను వెలుతురుకు ఎత్తిపట్టుకుని వంకర ఎక్కడుందో చూసుకుంటూ.

వాళ్లకు పని నేర్పే సార్జెంటును కుర్రాళ్లు చాటుగా కొలబద్ద అనేవారు. మనిషి కూడా అలాగే సన్నగా, నిటారుగా ఉండేవాడు. జేబులో పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం ఒకటి ఎప్పుడూ ఉండేది. పంటి డాక్టర్లు వాడే లాంటిది. కంటికి నేరుగా కనబడని మూలల్ని ఆ అద్దంలోనే చూడాలనేవాడు.

మొదటిసారి నట్టు బిగించమన్నప్పుడు షెడ్డమ్మాయి అలవాటు కొద్దీ స్పానరుతో బిగించి, చాలనిపించినచోట ఆపేసింది. చాలు అని నట్టే చెబుతుంది, మనం వినాలంతే అని నాన్న నేర్పిన పని. కొలబద్ద బిగువును కొలిచే రెంచి తెచ్చి వేసి చూశాడు. పుస్తకంలో ఎంత ఉండాలని రాసి ఉందో సరిగ్గా అంతే ఉంది. క్లాసులో ఒకరిద్దరు అబ్బో అన్నారు. కొలబద్ద ఆమె కాగితం మీద సున్నా వేశాడు.

"సర్, సరిగ్గానే వచ్చింది కదా" అందామె, ఉండబట్టలేక.

"ఇవాళ వచ్చింది. రేపు నీకు జ్వరం వస్తే? ఇంట్లో గొడవై మనసు బాగాలేకపోతే? నీ చేతిని నమ్మి పైన మనిషి కూర్చోడమ్మా. నువ్వు కొలిచావని నమ్మి కూర్చుంటాడు. మీ నాన్న దగ్గర నేర్చుకుంది గొప్పదే, కాదనను. దాన్ని గేటు బయట పెట్టి రా."

ఆ మాట ఆమెకు చాలాకాలం గుచ్చుకుంది. ఫోనులో చెబితే నాన్న నవ్వేసి, "ఆయన చెప్పినట్టే చెయ్యమ్మా. స్కూటరు చెడితే రోడ్డు పక్కన ఆపుకుంటారు" అన్నాడు.

పుస్తకాల దగ్గర ఆమె బాగా వెనక. చిలకకు ఏ పేజీ అయినా రెండుసార్లు చదివితే వచ్చేసేది గానీ చేతిలో పనిముట్టు నిలిచేది కాదు. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు చిలక పుస్తకం చదివి చెప్పేది, షెడ్డమ్మాయి ఆమె చేత తీగ మెలి పెట్టించేది. నట్లు వదులవకుండా వాటి కన్నాల్లోంచి సన్నటి తీగ దూర్చి మెలివెయ్యాలి. ఒక్క మెలి తక్కువైనా, ఎదురువైపుకు తిరిగినా కొలబద్ద కత్తెరతో తుంచి పారేసేవాడు. "నాది తల, నీది చెయ్యి. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు. జీతం మాత్రం ఇద్దరికీ ఇవ్వాలి" అనేది చిలక. ఆమె అన్నయ్య బస్సు కండక్టరు. తన చెల్లెలు విమానాలు బాగుచేస్తుందని టిక్కెట్టు కొట్టిన ప్రతివాడికీ చెప్పేవాడట.

అలా పది నెలలు గడిచాయి. శిక్షణలో మిగిలిన చివరి రెండు నెలలూ నిజంగా ఎగిరే విమానాల మీద పని. జంటలుగా పంపేవారు. ఒకరు చెయ్యాలి, రెండోవారు స్వయంగా చూడాలి. పని కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెడితే, పైన మూడో సంతకం సార్జెంటుది.

ఆ రోజు వాళ్లిద్దరికీ ఒక శిక్షణ విమానం తోక భాగం అప్పగించారు. పైలట్ తన ముందున్న కర్రను లాగితే తోక రెక్కను కదిలించే కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే మూడు బోల్టులు మార్చాలి. బోల్టుకు నట్టు బిగించి, నట్టు ఊడిరాకుండా కన్నంలోంచి కాటర్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ వంచాలి. పిన్ను అగ్గిపుల్లలో సగం ఉంటుంది. అది లేకపోతే ఊపుకు నట్టు మెల్లగా తిరుగుతూ తిరుగుతూ ఏదో ఒక రోజు రాలిపోతుంది. అప్పుడు పైలట్ చేతిలో కర్ర ఉంటుంది గానీ, తోక అతని మాట వినదు.

స్టోరులో నాలుగు పిన్నులు ఇచ్చారు. మూడు బోల్టులకు మూడు, చెడిపోతే ఒకటి. షెడ్డమ్మాయి వాటిని జేబులో వేసుకుని, నేల మీద వెల్లకిలా పడుకుని మొదటి రెండూ బిగించింది. అవి తోక అడుగునున్న చిన్న తలుపులోంచి నేరుగా కనబడేవే. మూడోది కడ్డీ వెనకాల ఉంది. చెయ్యి మోచేతిదాకా లోపల పెట్టి, వేళ్లతో తడుముకుంటూ చెయ్యాలి. ఒక పిన్ను వంచుతుంటే కాలు విరిగింది. దాన్ని తీసి చెత్త డబ్బాలో వేసి నాలుగోది పెట్టింది. మెడ పట్టేసింది. చెమట కళ్లలోకి కారుతోంది. అవతల భోజనం గంట కొట్టారు.

చిలక పనిముట్ల పెట్టెలోంచి కాడ అద్దం తీసుకుని వంగబోయింది.

"అక్కర్లేదే, బాగానే పడింది. నా వేళ్లకి తెలుస్తోంది. సంతకం పెట్టెయ్, ఆలస్యమైతే చల్లారిపోయిన అన్నం తినాలి" అంది షెడ్డమ్మాయి.

చిలక అద్దం కింద పెట్టింది. ఆ తర్వాత కాగితం మీద సంతకం పెట్టేసింది. కొలబద్ద వచ్చి టార్చి వేసి కనబడే రెండు బోల్టులూ చూశాడు. "మూడోది?" అని అడిగాడు. "చూశాం సర్" అన్నారిద్దరూ ఒక్కసారే. ఆ రోజు ఆయన చేతికింద ఆరు జంటలున్నాయి. ఆయనా సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

భోజనమయ్యాక చేతులు కడుక్కుని, తుడుచుకోవడానికి రుమాలు కోసం షెడ్డమ్మాయి జేబులో చెయ్యి పెట్టింది. వేలికి ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే కొత్త కాటర్ పిన్ను.

ఆమె మనసులో లెక్క వేసుకుంది. ఇచ్చింది నాలుగు. మూడు బోల్టులకు మూడు, విరిగింది ఒకటి. మరి ఇదెక్కడిది? మూడో బోల్టుకు పెట్టానా, పెట్టాననుకున్నానా? వేళ్లను అడిగి చూసింది. ఇందాక అంత ధీమాగా చెప్పిన వేళ్లు ఇప్పుడు ఏమీ చెప్పలేదు.

"స్టోరువాడు ఒకటి ఎక్కువిచ్చి ఉంటాడే. పారెయ్. ఇప్పుడు నోరు విప్పితే ఇద్దరం పోతాం" అంది చిలక, గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గించి మాట్లాడగా వినడం అదే మొదటిసారి.

అంతలో బయట ఇంజను మొదలైన చప్పుడు వినిపించింది. అదే విమానం. పని తర్వాత పరీక్షగా ఎగరేస్తారు. షెడ్డమ్మాయికి ఆలోచించే వ్యవధి కూడా లేకపోయింది. పరిగెత్తింది. విమానం ముందు చేతులతో సైగలు చేస్తున్న మనిషికి కనబడేటట్టు రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టి, ఆపమని అరిచింది. ఆ హోరులో అరుపు ఆమెకే వినబడలేదు. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దం చప్పుడుకన్నా భయంగా ఉంది.

పైలట్ కిందికి దిగి, చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగుతూ రెక్క నీడలో నిలబడ్డాడు. తిట్టలేదు. "ఏమ్మా?" అన్నాడంతే. ఆమె అరచేతిలోని పిన్ను చూపించింది.

తోక తలుపులు మళ్లీ విప్పారు. కొలబద్ద నేల మీద పడుకుని అద్దం లోపలికి పెట్టాడు. చాలాసేపు కదల్లేదు. చుట్టూ పదిహేను మంది నిలబడ్డారు. "పిన్ను ఉంది" అన్నాడు చివరికి. "సరిగ్గానే వంచి ఉంది." పైలట్ తానూ చూస్తానని పడుకుని, అద్దంలో చూసి, బట్టలకంటిన దుమ్ము దులుపుకుంటూ వెళ్లిపోయాడు. స్టోరులో లెక్క తేల్చారు. నూనె పూసిన పిన్నులు రెండు అంటుకుపోయి, నాలుగనుకుని ఐదు ఇచ్చారు.

షెడ్డమ్మాయి గోడకు చేరగిలబడి ఏడ్చింది. అంతటితో గండం గడిచిందనుకుంది.

మర్నాడు విచారణ గదిలోకి ముందు చిలకను పిలిచారు, తర్వాత ఈమెను. బల్ల వెనకాల ఒక అధికారిణి కూర్చుని ఉంది. పక్కన కొలబద్ద నిలబడి ఉన్నాడు.

"పిన్ను మీరే పెట్టారు. బాగానే పెట్టారు. మరి ఉందో లేదో మీకెందుకు అనుమానం వచ్చింది?" అని అడిగింది అధికారిణి.

"జేబులో ఇంకోటి కనబడింది మేడమ్."

"మీ రెండో మనిషి అద్దంలో చూసి సంతకం పెట్టింది కదా. ఆమె చూసి ఉంటే అనుమానమే రాకూడదు." కాగితం మీది సంతకాన్ని వేలితో చూపించి, "ఆమె చూసిందా?" అంది.

షెడ్డమ్మాయి కొలబద్ద వైపు చూసింది. ఆయన గోడను చూస్తున్నాడు. చిలక లోపల ఏం చెప్పిందో తెలియదు. బయటికి వస్తూ ఒక్కసారి ఈమె కళ్లలోకి చూసింది, అంతే. నోరు విప్పొద్దని ఆ చూపుకు అర్థం, ఈమెకు తెలుసు.

"కొంచెం టైమివ్వండి మేడమ్."

"అవునో కాదో చెప్పడానికి టైమెందుకమ్మా?"

"చూడలేదు మేడమ్" అంది. మాట బయటికి వచ్చాక గొంతు ఆగలేదు. "చూడబోతుంటే వద్దన్నది నేనే. అన్నం చల్లారిపోతుందన్నాను. సార్ అడిగితే చూశామని అబద్ధం చెప్పాం. ఆ అబద్ధం నాది కూడా."

అధికారిణి కలం మూత పెట్టింది. "మీరు నిన్న అందరి ముందూ వచ్చి చెప్పారు, ఇవాళా చెప్పారు. ఆ అమ్మాయి ఇప్పుడే ఈ కుర్చీ ముందు నిలబడి, అద్దంలో చూశానని మూడుసార్లు చెప్పింది."

"మూడో సంతకం నాది మేడమ్" అన్నాడు కొలబద్ద, గోడ మీంచి చూపు తిప్పకుండానే. "అది కూడా రాసుకోండి."

సాయంత్రానికి తీర్పు వచ్చింది. కొలబద్దకు లిఖితపూర్వకంగా మందలింపు. షెడ్డమ్మాయిని వెనకటి జట్టులోకి దింపారు, నాలుగు నెలల పాఠం మళ్లీ చదవాలి. చిలకను శిక్షణ నుంచి తీసేశారు. సంతకానికి కాదు, విచారణలో అబద్ధానికి.

నాన్నకు ఫోను చేసింది. "పిన్ను ఉందిగా తల్లీ. మరింకేం?" అన్నాడాయన. ఆమె ఎన్ని విధాల చెప్పినా ఫోనులో ఆయనకు సగమే ఎక్కింది.

గదిలో రెండు రోజులు చిలక మాట్లాడలేదు. ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండగలదని ఎవరూ అనుకోలేదు. మూడో రోజు పొద్దున పెట్టె సర్దుకుంటూ, "నువ్వు చెప్పింది నిజమే. అందులో ఒక్క మాట కూడా వంక పెట్టలేను. అయినా నీ మొహం చూడబుద్ధి కావటం లేదు" అంది. షెడ్డమ్మాయి పెట్టె అందుకుంది. చిలక వద్దనలేదు.

గేటు దగ్గర చిలక అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా మీదే వచ్చేశాడు, డ్యూటీ మధ్యలో సెలవడిగి ఉంటాడు. షెడ్డమ్మాయిని చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"నువ్వేనా అమ్మా? మా చెల్లెలు ఎప్పుడూ నీ మాటే చెప్పేది. ఏదో జరిగిందంటుంది, ఏం జరిగిందో చెప్పదు. నువ్వన్నా పెద్దవాళ్లకి ఒక మాట చెప్పి చూడాల్సింది."

"అన్నయ్యా, పద, బస్సుకి టైమవుతోంది" అంది చిలక తొందరగా.

షెడ్డమ్మాయి పెట్టె కింద పెట్టింది. "చెప్పింది నేనేనండీ. మీ చెల్లెలు బోల్టు చూడకుండా సంతకం పెట్టిందని చెప్పాను. చూడనివ్వకుండా తొందరపెట్టింది కూడా నేనే."

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియనట్టు. "చూసి ఉంటే ఎంతసేపు పట్టేదమ్మా?" అని అడిగాడు.

"అర నిమిషం."

ఆయన చెల్లెలి వైపు చూశాడు. చిలక తల తిప్పుకుంది. ఆయన పెట్టె భుజాన వేసుకుని నడిచాడు. చిలక వెనకే వెళ్లింది. పది అడుగులు వేశాక ఆగింది, తిరిగి చూస్తుందేమోనని షెడ్డమ్మాయి చెయ్యి సగం ఎత్తింది. చిలక వంగి, బూటు లేసు కట్టుకుని, మళ్లీ నడిచింది.

మధ్యాహ్నం షెడ్డమ్మాయి వెనకటి జట్టు వరసలో చివర నిలబడింది. అందరూ తనకన్నా చిన్నవాళ్లు. పక్కనున్న అమ్మాయి ఎదురుగానే చూస్తూ, పెదవులు కదలనివ్వకుండా, "ఆ విమానం ఆపించింది నువ్వేనటగా?" అని అడిగింది. అందులో మెచ్చుకోలుందో వెక్కిరింపుందో షెడ్డమ్మాయికి తెలియలేదు.

"అవును" అంది.