కత్తెర మీద నా కుళ్లు

నేను కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెడితే ఆసుపత్రిలో ఇనుప మంచాలు కదిలేవి. నవ్వకండి, చూసినవాళ్లున్నారు.

ఆదివారం ఆరాధన కాగానే ఎముకల వార్డుకు వెళ్లి రోగుల కోసం ప్రార్థించడం నా పని. ఇరవై ఏళ్లుగా ఆ వార్డు నాదే అనుకున్నాను. అలాంటిది మా సంఘంలో కొత్తగా చేరిన క్షవరాల అతను, అందరూ కత్తెర అంటారు, తనూ రావడం మొదలుపెట్టాడు. చేతిలో పాటల పుస్తకమైనా ఉండదు. సబ్బు, బ్రష్షు, రేజరు, అంతే. లేవలేనివాళ్లకు గడ్డాలు గీసి, చెంప మీద చెయ్యి వేసి ఒక్క ముక్క ప్రార్థించేవాడు. నన్ను గుమ్మంలో చూసి నిద్ర నటించే రోగులు, అతనొస్తే మెడలు చాచి ఎదురుచూసేవారు. నా కడుపు ఎంత మండేదో ప్రభువుకే తెలుసు. ఆయనకు తెలియడమే నాకు ఇబ్బంది.

ఆ వారం కిటికీ పక్క మంచం మీదికి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. మోకాలి కింద కాలు తీసేశారు. నాలుగు రోజులుగా గోడవైపు తిరిగి పడుకున్నాడు, తిండి ముట్టలేదు.

“ఇలాగైతే పుండు మానదు తాతగారూ. మీరైనా చెప్పండి,” అంది నర్సమ్మ.

కత్తెర రాకముందే ఇతని చేత తినిపించి తీరాలనుకున్నాను. ప్రార్థన ఎత్తుకున్నాను. సృష్టి దగ్గర మొదలై, ఓడ ఎక్కి దిగి, సముద్రం దాటి ఎడారిలోకి వచ్చేసరికి ఏదో కిర్రుమంది. ఇంక అద్భుతమేనని గొంతు పెంచాను. ఆమేన్ అని కళ్లు తెరిస్తే ఎదురుగా మంచం లేదు! కట్టు మార్చడానికి తోసుకుపోయారట. మంచాలు కదలడమంటే అదన్నమాట.

“బాబాయ్, గచ్చుకి మాత్రం పూర్తిగా నయమైపోయింది!” అన్నాడు వెనక నుంచి కత్తెర. వార్డంతా ఘొల్లుమంది.

మంచం తిరిగొచ్చాక కత్తెర దాని అంచున కూర్చున్నాడు.

“నీకేం కావాలి అన్నా?”

ఇరవై ఏళ్లలో నేనెవరినీ అడగని మాట అది. ప్రభువు కూడా గుడ్డివాడికి చూపిచ్చే ముందు అదే అడిగాడు.

డ్రైవరు గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. “నా కూతురు వస్తానని ఏడుస్తోందంట. నేనే వద్దన్నా. ఈ వాలకం చూస్తే జడుసుకుంటుంది.”

“కాలు నా చేతిలో లేదు. మొహం నాకొదిలెయ్.”

నురగ గిన్నె పట్టుకోమని కత్తెర నన్ను పిలిచాడు. పట్టుకున్నాను. సగం గడ్డం పోయాక డ్రైవరు నా వైపు చూశాడు. “గుర్తుపడుతుందంటావా తాతా?”

నాకు సృష్టీ గుర్తురాలేదు, సముద్రమూ గుర్తురాలేదు.

“పడుతుందిరా. ముక్కు మీద నురగ మాత్రం తుడుచుకో.”

డ్రైవరు నవ్వాడు. “ప్రార్థన నువ్వు చెయ్యి బాబాయ్,” అన్నాడు కత్తెర.

“ప్రభువా, ఈ తండ్రికి ఆకలి పుట్టించు. ఆమేన్.”

అంతేనా అన్నట్టు నర్సమ్మ గడియారం చూసింది. డ్రైవరు పాలలో రొట్టె ముంచుకుని తిన్నాడు. మర్నాడు కూతుర్ని రమ్మని కబురు పంపాడు.

ఇందులో ఒక్కటే నా కల్పన. గిన్నె పట్టుకోమని కత్తెర నన్ను పిలవలేదు. పేరంతా అతనికే పోతోందని కుళ్లుకుని నేనే లాక్కున్నాను.