మూడో గుంపు

పప్పులో ఉప్పు మరిచిపోవడం నాగలతకు ఈ వారంలో మూడోసారి. సంగటి ముద్ద ముంచుకుని నోట్లో పెట్టుకున్న భర్త వీరభద్ర, "ఉప్పేసింది గ్యాపకముండదు, యా గొర్రెకు యా సూది ఏసినావో గ్యాపకముంటాదా?" అన్నాడు. అత్త వెంకటేశ్వరమ్మ నవ్వి ఉప్పు డబ్బా అందించింది. నాగలత ఉప్పు తీసి పప్పులో కలిపింది. కర్నూలు ల్యాబులో ఆమె పరిశోధనకు గైడు వాసుదేవ్ సారు కూడా అదే మాట అన్నాడు, కాకపోతే కొంచెం మర్యాదగా.

రెండువేల రెండు నుంచీ, అంటే నాలుగేళ్లుగా, ఆమె పట్టుకుని వేలాడుతున్న పని ఒక్కటే. గొర్రెల మందలను ఊడ్చేసే పారుడు రోగానికి డీఎన్ఏ టీకా. రోగక్రిమి పైతొడుగు తాలూకు జన్యువును సూదితో కండలోకి ఇస్తే, ఒళ్లే ఆ తొడుగును తయారుచేసుకుని, దాన్ని శత్రువుగా గుర్తుపట్టి కాపు కాస్తుంది. ఎలుకల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గొర్రె దగ్గరికొచ్చేసరికి ఆ ఒళ్లు నిద్రే లేవదు. అందుకని నాగలత ఆ జన్యువు పక్కనే, రక్షణ కణాలను కేకేసి పిలిచే మరో జన్యువును చేర్చింది. డోన్ దగ్గర అత్తవారి మందలోనే పదిహేను జీవాలను ఎంచి, ఐదేసి చొప్పున మూడు గుంపులు చేసింది. మొదటిదానికి పాత టీకా, రెండోదానికి తన కొత్త టీకా. మూడోదానికి ఏ జన్యువూ లేని ఉత్త మందు. ఆ ఐదింటి రక్తంలో ఏమీ కనపడకూడదు, కనపడకపోతేనే మిగతావాటికి విలువ. వీటికి ఇంకే సూదీ వేయించొద్దని ఇంట్లో అందరికీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది.

తీరా రక్తం పరీక్షిస్తే మూడు గుంపులూ ఒకటే. మూడో గుంపులో కూడా యాంటీబాడీలు నిండుగా ఉన్నాయి. సారు కళ్లద్దాలు తీసి, సంసారం, పరిశోధన రెండూ అంటే కష్టమేనమ్మా అన్నాడు. సీసాలు తారుమారయ్యాయని, అది ఆమె అజాగ్రత్తేనని, పన్నెండు రోజుల గడువిచ్చి, ఆ సోమవారానికి రాసివ్వమన్నాడు. రాసిస్తే ప్రాజెక్టు నిలబడుతుంది కానీ మళ్లీ చేసే ప్రయోగం వేరొకరి చేతికి పోతుంది.

అయ్యో, ఆ పది రోజులూ ఆమె తనను తాను పెట్టుకున్న హింస పగవాడికి కూడా వద్దు. సూదులు వేసిన రోజు పొద్దున్నే లేచి పేడ ఎత్తింది, పన్నెండు మందికి సంగటి కెలికింది, అత్త మోకాళ్లకు నూనె రాసింది, ఆ చేతులు కడుక్కునే సీసాలు తీసింది. ఎక్కడ తడబడ్డాను? చీటీలు నేనే అంటించాను కదా, సరిగ్గానే అంటించానా? మగవాడికైతే ముందు మందు మీద అనుమానం వచ్చేది, తర్వాత గొర్రెల మీద, ఆ తర్వాత లోకం మీద. ఈమెకు మొదటి అనుమానమే తన మీద వచ్చింది. పాలు పొంగినా, పిల్ల ఏడ్చినా 'నువ్వేం చేస్తాండావు' అన్న మాటే విని పెరిగిన చెవులు మరి.

శనివారం ల్యాబులో కాగితం ముందు పెట్టుకుని కలం మూత తీసింది. రాయబోతూ ఆగింది. సీసాలు తారుమారైతే ఒక గుంపు పెరిగి ఇంకో గుంపు తగ్గాలి కదా, అన్నీ ఎట్లా పెరుగుతాయి? క్రిమి లోపల మరో ప్రోటీన్ ఉంటుంది, అది తన సూదుల్లో వేటిలోనూ లేదు. దాని మీద యాంటీబాడీలు ఉన్నాయంటే జీవానికి రోగమైనా వచ్చి ఉండాలి, సర్కారు టీకా అయినా పడి ఉండాలి. మందలో ఒక్క గొర్రెకూ రోగం రాలేదు. దాచిన రక్తం తీసి ఆ పరీక్ష కూడా చేసింది. పదిహేనింటిలోనూ కనిపించాయి.

ఇంటికొచ్చి అడిగితే వీరభద్ర తడుముకోలేదు. "క్యాంపు పెట్టినారు, అన్నిట్కీ ఏపిచ్చినా. నీ నీళ్లసూది నమ్ముకోని మంద పోగొట్టుకోమంటావా? చెప్తే ఏపీనిస్తావా నువ్వు, అందుకే చెప్పల్యా."

మంద పోతుందన్న భయం ఆమెకు అర్థమైంది. తనూ రైతుబిడ్డే. అర్థం కానిది వేరే ఉంది. "పది దినాలు నేనేడుస్తాంటే చూస్తా ఉన్న్యావు. అప్పుడన్నా చెప్పకూడదా?"

"చెప్తే మీ సారు ముందర నేను తప్పు చేసినోణ్ణైతా. నీదే తప్పని రాసిచ్చెయ్. ఆడమనిషి తప్పు ఎవరు పట్టించుకుంటారు?"

ఊళ్లో వాడికి మర్యాద ఉండాది అమ్మీ, రచ్చ చేయొద్దంది అత్త. ఆ మాటకు అర్థమేమిటో ఈమెకూ తెలుసు. ఆకు మీద ముల్లు పడ్డా, ముల్లు మీద ఆకు పడ్డా చిరిగేది ఆకేనంటారు. ఆ మాట ఎన్నోసార్లు విని తలాడించిన నాగలతకు ఆ క్షణాన ఒళ్లంతా మండిపోయింది.

సోమవారం ఆమె ఇచ్చిన కాగితాన్ని సారు రెండుసార్లు చదివాడు. సీసాలు తారుమారు కాలేదు. నా భర్త వీరభద్ర నాకు తెలియకుండా పదిహేను జీవాలకూ సర్కారు టీకా వేయించాడు, నన్ను నిందిస్తున్నారని తెలిసీ దాచాడు. ఆధారంగా పరీక్ష ఫలితాలు జతచేశాను. మళ్లీ ప్రయోగం నేనే చేస్తాను.

"ఇంటి సంగతులు ఇట్లా రాస్తే మీవాళ్లు ఊరుకుంటారా అమ్మా?" అన్నాడు సారు.

"వాళ్లకు చదివి వినిపించి, బట్టలు సర్దుకునే వచ్చాను సార్," అంది నాగలత. "కొత్త గొర్రెలు ఎప్పుడు కొందాం?"