కింద వేలెడు సందు

ఎదురింటి కుట్టుపనావిడ అందట: "ఆ ఇంట్లో అత్తగారి నోరు మూయించడం ఎవరివల్లా కాక, ఏకంగా తలుపే చేయించుకుంటున్నారు." ఆ మాటని కిరాణా కొట్టాయన సబ్బులతో పాటు పొట్లం కట్టి కోడలి చేతిలో పెట్టాడు.

కోడలికి ఒళ్లు మండింది గానీ, పొట్లం సంచిలో వేసుకుని వచ్చేసింది. అందులో ముప్పాతిక నిజమే మరి.

ఆమెది ఇంట్లో కూర్చుని ఫోన్లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. అవతల ఎవరో ఫ్యాను తిరగడం లేదని మొరపెట్టుకుంటుంటే, ఇవతల అత్తగారి గొంతు ఇల్లెగిరిపోయేలా లేచేది. "మీ ఇంట్లో ఎవర్ని కొడుతున్నారమ్మా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. నెలాఖరులోగా ఆ మోత ఆగకపోతే వేరే మనిషిని చూసుకుంటామని పైఅధికారి తేల్చేశాడు.

గదికి చప్పుడు దూరని తలుపు కావాలని, అదీ వీధి గోల వల్లేనని మామగారికి సర్దిచెప్పబోయింది కోడలు. "వీధీ లేదు, గీధీ లేదు. నా నోరే! తలుపు చెయ్యండి!" అని అత్తగారే ఆయన మొహమ్మీద అరిచి చెప్పింది.

మామగారు వడ్రంగి. నలభై ఏళ్లు రంపం మిషను పక్కన నిలబడ్డ మనిషి. కొత్త తలుపు కొనే స్తోమత లేదు గనక గదికున్న పాత తలుపుకే ఇంకో చెక్క బిగించాడు. రెండింటి మధ్యా పారేసిన లారీ ట్యూబులు చీల్చి పరిచాడు. గుడ్ల అట్టలు అంటించమన్నవాళ్లని చూసి నవ్వాడు. "శబ్దం నీళ్లలాంటిదమ్మా. బరువుంటే ఆగుతుంది, సందుంటే కారుతుంది" అంటూ ద్వారబంధం చుట్టూ రబ్బరు పట్టీని పసిబిడ్డకి దుప్పటి కప్పినంత మెత్తగా అద్దాడు.

నాలుగో రోజు పొద్దున, "లోపలికెళ్లి మాట్లాడమ్మా, చూద్దాం" అన్నాడు.

కోడలు తలుపేసుకుని, ఫోన్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఏమీ వినపళ్లేదు! సూది పడ్డ చప్పుడంత కూడా లేదు!" మామగారి గొంతు గర్వంగా, పక్కనే నిలబడి చెప్పినంత స్పష్టంగా వినిపించింది.

అప్పుడు చూసిందామె. తలుపు అడుగున బిగించాల్సిన పట్టీ ఇంకా తన కాళ్ల దగ్గరే పడుంది. కింద వేలెడు సందు. అందులోంచి వెలుగు, ఆ వెలుగులో మామగారి పాదాలు.

నేలమీద బోర్లా పడుకుని సందుకి నోరు పెట్టింది. "మామయ్యా, పట్టీ మర్చిపోయారు." పాదాలు కదల్లేదు. "మామయ్యా, మీ కాలి మీద తేలు!" బొటనవేలు కూడా కదల్లేదు.

తలుపు తీసేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. ఆ మొహాన్ని చూసి, పట్టీ ఎత్తి చూపించింది. "ఇదొక్కటీ ఉంది మామయ్యా" అంది, పెదాలు విప్పి, నెమ్మదిగా. ఆయన నాలిక్కరుచుకుని, మేకులు పట్టుకుని, వీపు ఇటుపెట్టి కూర్చున్నాడు.

ఇన్నాళ్ల అరుపులూ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి కోడలికి. భోజనానికి రండి. మెట్టు చూసుకోండి. పనిచ్చినాయన వచ్చాడు, లేవండి. వెతికితే వాటిలో తిట్టన్నది ఒక్కటీ లేదు. ఆయన పనికెళ్లిన రోజుల్లో ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉండేదన్న సంగతీ ఇప్పుడే తట్టింది.

అత్తగారు వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటోంది.

"ఎన్నాళ్లయింది అత్తయ్యా?"

"మూడేళ్లు." ఆ గొంతు ఎంత చిన్నదో!

"నాతో ఒక్క మాట అనొచ్చుగా? మిమ్మల్ని ఎన్నెన్ని అనుకున్నానో! వీధంతా గయ్యాళంటోంది మిమ్మల్ని."

మామగారు సుత్తి దెబ్బ వేశాడు. అరచెయ్యి తలుపుకి ఆనించి, అదురు చూసుకుని, మళ్లీ వేశాడు.

"అననీవే. నేను గయ్యాళినంటే ఆయనకి పని దొరుకుతుంది. ఆయన చెవిటివాడంటే దొరకదు. ఏది చెప్పమంటావ్ వీధికి?"